నీళ్లు నెట్టాయి సరే, ఆ లోహం ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక తిన్నని రాగి గొట్టాన్ని రెండు ముక్కల ఉక్కు అచ్చులో పడుకోబెడతారు. అచ్చు మూసుకుంటుంది. గొట్టం రెండు చివర్లనీ బిరడాల్లాంటి రెండు పిస్టన్లు బిగించి పట్టుకుంటాయి. వాటిలో ఒకదాని మధ్యనున్న సన్నని దారి గుండా నీళ్లు లోపలికి వెళ్తాయి. కొన్ని సెకన్ల తర్వాత అచ్చు తెరిస్తే గొట్టం నడుము దగ్గర ఒక కొమ్మ మొలిచి ఉంటుంది. అతుకు లేదు, వెల్డింగ్ గీత లేదు. పైపుల పనిలో టీ అని పిలిచే జాయింటు అది. ఇలా లోపలి ఒత్తిడితో టీ తయారుచేసే యంత్రానికి అమెరికాలో 1940లోనే పేటెంటు ఇచ్చారు.

దీన్ని మొదటిసారి చూసినవాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్న, "నీళ్లకి అంత బలం ఉందా?" అని. బలం నీళ్లది కాదు, వెనకున్న పంపుది. అంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. కొమ్మ రాకముందు అక్కడ అంత లోహం లేదు. మరి ఆ కొమ్మకి కావలసిన లోహం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇలా ద్రవం ఒత్తిడి సాయంతో లోహాన్ని మలచడాన్ని హైడ్రోఫార్మింగ్ అంటారు. దాని గురించి చదివేటప్పుడు పేర్లు చాలా ఎదురవుతాయి, ఒక్కో యంత్రం ఒక్కోలా ఉంటుంది, దాంతో బుర్ర తిరుగుతుంది. ఈ ఒక్క ప్రశ్న చేతిలో పెట్టుకుంటే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. లోహాన్ని మలిచినప్పుడు దాని ఘనపరిమాణం మారదు. కాబట్టి రేకులో ఒకచోట ఉబ్బు రావాలంటే, ఆ లోహం రెండు దారుల్లోనే రాగలదు. అక్కడున్న రేకే సాగి పలచబడాలి, లేదా పక్కనుంచి లోహం జరిగి రావాలి. మరీ సాగితే రేకు చిరుగుతుంది. పక్కనుంచి అదుపు లేకుండా జరిగి వస్తే ముడతలు పడుతుంది. షీట్ మెటల్ పనిలోని కష్టమంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

నీళ్లు ఏం మారుస్తాయో అర్థం కావాలంటే, ముందు నీళ్లు లేని ప్రెస్ ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఒక గుండ్రటి రేకుని గిన్నెగా మార్చాలనుకోండి. కింద డై, అంటే మధ్యలో రంధ్రం ఉన్న ఉక్కు దిమ్మ. దాని మీద రేకు. రేకు అంచుల్ని పైనుంచి నొక్కి పట్టే ఒక రింగు, దాన్ని బ్లాంక్ హోల్డర్ అంటారు. ఆ రింగు మధ్యలోంచి పంచ్ అనే ఉక్కు దిమ్మ దిగి, రేకుని రంధ్రంలోకి తోస్తుంది. అంచు దగ్గరున్న రేకు మెల్లగా లోపలికి జారుతూ గిన్నె గోడగా మారుతుంది. దీన్నే డీప్ డ్రాయింగ్ అంటారు. ఇక్కడ లోహం ప్రధానంగా అంచు నుంచి వస్తుంది.

అయితే ఆ అంచుని లోపలికి లాగే బలం ఎవరు మోస్తున్నారు? పంచ్ గిన్నె అడుగుని మాత్రమే తోస్తోంది. అంచుని లాగుతున్నది గిన్నె గోడ. ఆ గోడలో అన్నిటికన్నా బలహీనమైన చోటు అడుగు మలుపుకి కాస్త పైన ఉంటుంది. అక్కడ రేకు పంచ్ మూల మీదుగా వంగి పలచబడి ఉంటుంది, పైగా మిగతా గోడలా నలిగి గట్టిపడి ఉండదు. అందుకే లోతు ఎక్కువైనప్పుడు గిన్నె ఎక్కువగా అక్కడే తెగుతుంది, అడుగు టోపీలా ఊడి వస్తుంది.

దీనివల్ల ఒక హద్దు ఏర్పడుతుంది. మామూలు డీప్ డ్రాయింగ్‌లో ఒక్క దెబ్బకి రేకు వ్యాసం పంచ్ వ్యాసానికి సుమారు 2 రెట్లు దాకా ఉండొచ్చు. 100 మిల్లీమీటర్ల పంచ్ అయితే దాదాపు 200 మిల్లీమీటర్ల రేకు. మందం మారదనుకుని లెక్క వేస్తే గిన్నె లోతు 75 మిల్లీమీటర్లు వస్తుంది. ఇంకా లోతు కావాలంటే రెండో డై, మూడో డై, చాలాసార్లు మధ్యలో కొలిమిలో పెట్టి మెత్తబరచడం కూడా తప్పవు.

ఇప్పుడు డై రంధ్రాన్ని ఖాళీగా వదలకుండా నీళ్లతో నింపి మూసేద్దాం. పంచ్ దిగేకొద్దీ కింది నీళ్లు ఒత్తిడికి లోనవుతాయి. ఆ ఒత్తిడి ఎంత ఉండాలో ఒక వాల్వు అదుపు చేస్తుంది. నీళ్లు రేకుని కిందనుంచీ, పక్కలనుంచీ పంచ్‌కేసి గట్టిగా అదుముతాయి. చిన్న మార్పులా కనబడుతుంది కానీ దీనివల్ల జరిగే రెండు పనులు నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తాయి.

మొదటిది, రేకు పంచ్‌కి అతుక్కుపోతుంది. అంత బలంగా అదిమినప్పుడు పంచ్‌కీ రేకుకీ మధ్య ఘర్షణ పెరుగుతుంది. గోడని ఇప్పుడు పంచ్ పక్కలే పట్టుకుని కిందికి తీసుకెళ్తాయి. అడుగు మలుపు దగ్గరి బలహీనమైన చోటు మీద పడే భారం చాలావరకు తగ్గిపోతుంది. రెండోది, డై పెదవి దగ్గర జరుగుతుంది. మామూలు ప్రెస్‌లో రేకు ఆ పెదవిని రాసుకుంటూ లోపలికి జారుతుంది. ఇక్కడ ఒత్తిడిలో ఉన్న నీళ్లు రేకుని ఆ పెదవి నుంచి కాస్త పైకి లేపి, సందులోకి చొరబడతాయి. రేకు నీటి పొర మీద జారుతుంది. అంటే ఘర్షణ కావలసిన చోట పెరిగింది, అక్కర్లేని చోట తగ్గింది. షీట్ మెటల్ పనిలో ఘర్షణని ఎప్పుడూ శత్రువుగానే చూసి నూనె రాయడం అలవాటైనవాళ్లకి ఇది కొత్త ఆలోచన.

దీన్ని హైడ్రోమెకానికల్ డీప్ డ్రాయింగ్ అంటారు. ఇందులో ఆ 2 రెట్ల హద్దు 2.6 దాటి వెళ్లగలదు. అదే 100 మిల్లీమీటర్ల పంచ్‌తో, 260 మిల్లీమీటర్ల రేకు తీసుకుంటే లోతు సుమారు 144 మిల్లీమీటర్లు. వ్యాసంలో పెరిగింది 30 శాతమే, లోతు మాత్రం దాదాపు రెట్టింపైంది. ఈ పద్ధతిలో నీళ్లు రేకుకి ఆకారం ఇవ్వలేదని గమనించండి. ఆకారం ఇచ్చింది పంచ్. లోహం పాత పద్ధతిలోలాగే అంచు నుంచి వచ్చింది. అది తెగకుండా వచ్చే దారిని నీళ్లు ఏర్పాటు చేశాయి.

ఉక్కు పంచ్ రేకుని ముందుగా తన ఎత్తైన చోట్ల తాకుతుంది. భారమంతా అక్కడే పడుతుంది. నీళ్లకి సొంత ఆకారం లేదు కాబట్టి ఎత్తూ పల్లం తేడా లేదు. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకీ సమానంగా అందుతుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. దాని మీద ఆధారపడిన హైడ్రాలిక్ ప్రెస్‌కి జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు తీసుకున్నాడు. రేకు మీద ఏ బిందువు దగ్గర చూసినా నీళ్లు అంతే ఒత్తిడితో, ఉపరితలానికి సరిగ్గా లంబంగా నెడతాయి. ఆకారం మారుతున్నా ఆ నెట్టుడు దానితోపాటే తిరుగుతుంది. ఉక్కు పంచ్‌కి ఇది సాధ్యం కాదు.

అయితే ఇక్కడే ఒక అపోహ పుడుతుంది. ఒత్తిడి సమానం కాబట్టి రేకు కూడా అన్నిచోట్లా సమానంగా పలచబడుతుందని చాలామంది అనుకుంటారు, కొన్ని ప్రచార పత్రాల్లో కూడా ఆ మాట కనిపిస్తుంది. అది నిజం కాదు. చతురస్రపు పెట్టెలో ఒక బెలూన్ పెట్టి ఊదండి. ముందుగా బెలూన్ పెట్టె పక్కల మధ్యభాగాల్ని తాకుతుంది. తాకిన చోట గోడకి అతుక్కుని ఇక పెద్దగా కదలదు. మూలలు ఖాళీగా మిగులుతాయి. ఆ మూలల్ని నింపాల్సింది ఇంకా గోడని తాకని కొద్దిపాటి రబ్బరే. కాబట్టి మూలల్లో బెలూన్ బాగా పలచబడుతుంది. రేకుదీ అదే పరిస్థితి. ఒత్తిడి సమానమే, సాగడం మాత్రం సమానం కాదు.

మూల ఎంత పదునుగా ఉంటే అంత కష్టం. దానికి ఒక సులువైన అంచనా ఉంది. రేకుని శాశ్వతంగా సాగదీయడానికి కావలసిన బలాన్ని మందంతో గుణించి, మూల వంపు వ్యాసార్ధంతో భాగిస్తే కావలసిన ఒత్తిడి దాదాపుగా తెలుస్తుంది. 1 మిల్లీమీటరు రేకు, బలం 300 మెగాపాస్కల్స్ అనుకుందాం. 10 మిల్లీమీటర్ల వంపుకి 30 మెగాపాస్కల్స్, అంటే 300 బార్ చాలు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). 5 మిల్లీమీటర్ల వంపుకి 600 బార్ కావాలి. రెండున్నర మిల్లీమీటర్లకి 1,200 బార్. పోలిక కోసం చెప్పాలంటే, పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధం అడుగున, దాదాపు 11 కిలోమీటర్ల లోతులో ఉండే ఒత్తిడి 1,100 బార్ చుట్టుపక్కల ఉంటుంది. డ్రాయింగ్ మీద వంపు వ్యాసార్ధాన్ని సగం చేయడానికి పెన్సిల్‌తో ఒక్క గీత చాలు. వర్క్‌షాపులో అదే గీత ఖర్చు రెట్టింపు ఒత్తిడి.

ఆ ఒత్తిడి రేకు మీదే ఆగదు, అచ్చుని తెరిచేయాలని చూస్తుంది. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న భాగం మీద 600 బార్ పడితే అచ్చుని విడదీసే బలం సుమారు 3,000 టన్నుల బరువుతో సమానం. 1,200 బార్ అయితే 6,000 టన్నులు. అచ్చు అంతసేపూ మూసి ఉండాలంటే ప్రెస్ అంతకన్నా ఎక్కువ బలంతో పట్టుకోవాలి. హైడ్రోఫార్మింగ్ యంత్రాలు అంత భారీగా ఉండడానికి కారణం ఇదే. వాటి బలంలో ఎక్కువ భాగం రేకుని వంచడానికి పోదు, మూత ఊడకుండా పట్టుకోవడానికి పోతుంది.

ఇంత ఒత్తిడి అంటే పేలుడు భయం రావడం సహజం. గాలికీ నీటికీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. 1,000 బార్ దగ్గర కూడా నీళ్లు తమ ఘనపరిమాణంలో సుమారు 4 శాతమే కుంచించుకుంటాయి. కాబట్టి వాటిలో నిల్వ ఉండే శక్తి తక్కువ. రేకు చిరిగితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అదే ఒత్తిడిలో గాలి ఉంటే విపరీతంగా వ్యాకోచిస్తూ బాంబులా పనిచేసేది. అలాగని నీటి విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. సన్నని సందులోంచి ఆ ఒత్తిడితో చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు.

ఇప్పటిదాకా నీళ్లు అంటూ వచ్చాను కానీ, ఆచరణలో చాలాచోట్ల వాడేది తుప్పు పట్టకుండా, జారుడుగా ఉండేలా కొద్ది శాతం నూనె పదార్థాలు కలిపిన నీరు. కొన్ని యంత్రాల్లో పూర్తిగా నూనే ఉంటుంది.

నూనె ఉన్న యంత్రాల్లో ఒక పెద్ద కుటుంబం విమానాల పరిశ్రమలో పెరిగింది. 1930ల చివర్లో డగ్లస్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీలో హెన్రీ గెరిన్ ఒక పద్ధతి తెచ్చాడు. కింద మాత్రమే అచ్చు పెట్టి, దాని మీద రేకు పరిచి, పైనుంచి మందపాటి రబ్బరు దిమ్మతో నొక్కడం. పై అచ్చు అవసరమే లేదు. రబ్బరు ఏ ఆకారానికైనా ఒదుగుతుంది. తర్వాత ఆ దిమ్మ వెనక నూనె నింపిన రబ్బరు సంచి వచ్చింది. ద్రవం రేకుని తాకదు, రబ్బరు పొర ద్వారా నెడుతుంది. స్వీడన్‌లో ఏఎస్ఈఏ (ASEA) అనే కంపెనీ పెంచిన క్వింటస్ ప్రెస్‌లు ఈ కోవలోవే. ఆ పేరు వెనక కథ ఆసక్తికరం. 1953లో అదే కంపెనీ కృత్రిమ వజ్రాలు తయారుచేయడానికి నడిపిన రహస్య ప్రాజెక్టు పేరు క్వింటస్. బ్రహ్మాండమైన ఒత్తిడిని తట్టుకునే పాత్రల గురించి అక్కడ నేర్చుకున్నది తర్వాత రేకులు మలచడానికి ఉపయోగపడింది.

విమానాల భాగాలకి ఈ పద్ధతి అంత బాగా కుదరడానికి కారణం సంఖ్య. ఒక విమానంలో వేల రకాల రేకు భాగాలుంటాయి, ఒక్కో రకం కొద్ది సంఖ్యలోనే కావాలి. ప్రతిదానికీ పంచ్, డై రెండూ చెక్కి, వాటి మధ్య సందు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేయడం మోయలేని ఖర్చు. ఒకవైపు అచ్చుతో పని అయిపోతే సగం తలనొప్పి తీరినట్టే. రేకు మందం మారినా అదే అచ్చు పనికొస్తుంది. రబ్బరు వైపు ఉపరితలం మీద గీతలు కూడా పడవు.

ఉపరితలం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 1950ల్లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో షేబుల్ అనే కంపెనీ ఇలాంటి పద్ధతిని కుళాయి మూతుల కోసం వాడింది. భాగం ఉపరితలం తక్కువ గరుకుగా వస్తుంది, మెరుగు పెట్టడం తేలికవుతుంది అన్నది అప్పుడు వాళ్లని ఆకర్షించిన గుణాల్లో ఒకటి.

గొట్టాలకి వచ్చేసరికి మన ప్రశ్న మరింత పదునెక్కుతుంది. రేకుకి అంచు ఉంది, అక్కడి నుంచి లోహం తెచ్చుకోవచ్చు. గొట్టానికి రెండు చివర్లు తప్ప అంచు లేదు. అందుకే ఆ చివర్లని పట్టుకున్న పిస్టన్లు సీలు వేయడంతో ఆగవు, ఒత్తిడి పెరుగుతుంటే గొట్టాన్ని రెండువైపుల నుంచీ లోపలికి తోస్తాయి. గొట్టం పొట్టిదవుతుంది, ఆ తగ్గిన పొడవే ఉబ్బుకి లోహం. ఇక్కడ తాళం తప్పకూడదు. ఒత్తిడి ముందు పెరిగి తోపు వెనకబడితే గొట్టం పగులుతుంది. తోపు ముందు, ఒత్తిడి వెనక అయితే గొట్టం మడతలు పడుతుంది, పొడవాటిదైతే మధ్యలో వంగిపోతుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య సురక్షితమైన దారి సన్నగా ఉంటుంది. దాన్ని ఇప్పుడు కంప్యూటర్లో ముందే లెక్కగట్టి చూసుకుంటారు, ఆ తర్వాత అసలు అచ్చు మీద సరిచేసుకుంటారు. టూల్ రూంలో టెన్షన్ ఎక్కువగా ఉండేది ఈ దశలోనే.

చివర్ల నుంచి తోసినా లోహం ఎంతో దూరం పోలేదని కూడా గుర్తుంచుకోవాలి. గొట్టం అచ్చుగోడకి ఒరుసుకుంటూ కదలాలి కదా. ఉబ్బు చివరికి దగ్గరగా ఉంటే తోపు అందుతుంది. పొడవాటి, వంపులు తిరిగిన గొట్టం నడిమధ్యలో ఉంటే ఎంత తోసినా అందదు, అక్కడ సాగడమే గతి.

కార్ల ఛాసిస్ భాగాల్లో ఈ ఇబ్బందిని తెలివిగా దాటే పద్ధతి ఒకటుంది. భాగం చుట్టుకొలతని గొట్టం చుట్టుకొలతకి సమానంగా ఉండేలా డిజైన్ చేస్తారు. గొట్టంలో నీళ్లు నింపి, తక్కువ ఒత్తిడిలో ఉంచి, అప్పుడు అచ్చు మూస్తారు. అచ్చు గుండ్రటి గొట్టాన్ని నాలుగు పలకలుగా నొక్కుతుంటే, లోపలి నీళ్లు గోడ లోపలికి కుంగకుండా ఆపుతాయి. ఇక్కడ "లోహం ఎక్కడి నుంచి వచ్చింది" అంటే, కొత్తగా దాదాపు ఏమీ అక్కర్లేకపోయింది. ఉన్నది పక్కకి మళ్లింది. మూల కూడా సాగడం వల్ల కాక వంగడం వల్ల ఏర్పడుతుంది కాబట్టి పైన వేసిన లెక్కంత ఒత్తిడి అవసరం పడదు.

1997లో వచ్చిన షెవర్లే కార్వెట్ ఐదో తరం కారులో ఛాసిస్ పక్క పట్టాలు హైడ్రోఫార్మింగ్ చేసిన గొట్టాలే. మామూలుగా అయితే ప్రెస్‌లో చేసిన అనేక ముక్కలకి పక్కన అంచులు వదిలి, వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి వెల్డింగ్ చేయాలి. ఆ అంచులు బరువే తప్ప పెద్దగా బలం ఇవ్వవు. ఒకే గొట్టం అయితే ఆ బరువు పోతుంది, మూసుకున్న ఆకారం కాబట్టి మెలితిప్పుడిని బాగా తట్టుకుంటుంది. ఒకచోట వెడల్పుగా, ఒకచోట సన్నగా సాగే అల్యూమినియం సైకిల్ ఫ్రేములదీ ఇదే దారి.

అన్నిటిలోకీ నాకు బాగా నచ్చిన ఉదాహరణలో అసలు అచ్చే ఉండదు. చైనాలో హార్బిన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వాంగ్ చోంగ్‌రెన్ 1985లో ఒక పద్ధతి కనిపెట్టాడు. చదునైన పలకల్ని కోసి, ఫుట్‌బాల్ మీది ముక్కల్లా వెల్డింగ్ చేసి, కోణాలు కోణాలుగా ఉన్న పెట్టెని తయారుచేస్తారు. లోపల నీళ్లు నింపి పంపు నడుపుతారు. పలకలు ఉబ్బుతాయి, అంచులు సర్దుకుంటాయి, పెట్టె గుండ్రటి ట్యాంకు అవుతుంది. అదే ఉపరితలంలో ఎక్కువ ఘనపరిమాణం పట్టేది గోళమే కాబట్టి ఒత్తిడి రేకుని అటే నెడుతుంది. పెట్టె ముందే గోళానికి దగ్గరగా ఉండటంతో లోహం సాగాల్సింది కొద్దిగానే. ప్రశ్నకి జవాబు పెట్టె గీసేటప్పుడే ఇచ్చేశారన్నమాట.

సాగడం ఎప్పుడూ చెడ్డదే అనుకోకూడదు. కారు పైకప్పు లాంటి దాదాపు చదునైన పెద్ద రేకులు మామూలు ప్రెస్‌లో మధ్యభాగంలో సరిగా సాగవు, దాంతో అక్కడ రేకు గట్టిపడదు, వేలితో నొక్కితే లొత్తపడేంత మెత్తగా ఉంటుంది. దానికి నీటితో ముందు రేకుని పంచ్ వైపు బుడగలా ఉబ్బించి, ఆ తర్వాత పంచ్‌తో తుది ఆకారం ఇస్తారు. బుడగ మధ్యలో రేకు సాగి గట్టిపడుతుంది. ఇక్కడ కావాలనే లోహాన్ని పలచబరిచి బలం కొనుక్కుంటున్నారు.

మరి ఇన్ని గుణాలున్న పద్ధతి ప్రెస్‌లన్నిటినీ ఎందుకు పక్కకి నెట్టలేదు? ప్రధాన కారణం సమయం. మామూలు ప్రెస్ నిమిషానికి పదికి పైగా భాగాలు కొట్టేస్తుంది. హైడ్రోఫార్మింగ్‌లో నింపాలి, సీలు వేయాలి, ఒత్తిడి పెంచాలి, దించాలి, నీళ్లు ఖాళీ చేయాలి. ఒక్క భాగానికే తరచు అర నిమిషం, అంతకన్నా ఎక్కువ పడుతుంది. సీళ్లు అరుగుతాయి. గొట్టం పొడవునా ఉండే వెల్డింగ్ కుట్టు దగ్గర చిన్న లోపమున్నా మొదట అక్కడే పగులుతుంది. బాగా గట్టి ఉక్కులు ఎక్కువ సాగవు కాబట్టి వాటితో లోతైన ఉబ్బులు రావు. అలాంటి ఉక్కుని ఎర్రగా కాల్చి, అచ్చులోనే నొక్కి చల్లార్చే హాట్ స్టాంపింగ్ కార్లలో చాలా చోటు ఆక్రమించుకుంది. లోతు తక్కువగా ఉన్న మామూలు భాగం లక్షల సంఖ్యలో కావాలంటే నేనైతే హైడ్రోఫార్మింగ్ వైపు చూడను. ఆకారం చిక్కుగా ఉండి, ముక్కలు కలిపే పని తగ్గుతుందంటేనే దాని ఖర్చుకి అర్థం ఉంటుంది.

మొదట చూసిన టీ జాయింటు దగ్గరికి మళ్లీ వద్దాం. కొమ్మ కొనని ఇంకా కోయకముందే ఒక టీని నిలువుగా చీల్చి, గోడ మందాన్ని కొలిస్తే దాని పుట్టుకంతా అక్కడ కనబడుతుంది. కొమ్మకి ఎదురుగా ఉన్న గోడ మొదటి గొట్టంకన్నా మందంగా ఉంటుంది. పిస్టన్లు తోసిన లోహం కొమ్మలోకి ఎక్కలేక అక్కడ పోగైంది. కొమ్మ మొదట్లో గోడ బాగానే ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది, కొనన గుమ్మటంలా ఉన్నచోట అన్నిటికన్నా పలచన. అక్కడికి తోపు అందలేదు, ఒట్టి సాగడమే. ఆ గుమ్మటం మరీ సాగి చిరగకుండా కొమ్మ పెరుగుతున్నంతసేపూ ఎదురుగా ఇంకో పిస్టన్ దాన్ని ఆనుకుని, మెల్లగా వెనక్కి తగ్గుతూ ఉంటుంది. చివరికి ఆ పలచని గుమ్మటాన్నే కోసి పారేస్తారు, కొమ్మకి నోరు తెరుచుకుంటుంది.